కొత్త చేపలు వచ్చాక తొట్టెలో జబ్బు: కారణాన్ని గుర్తించడం ఎలా?

భిలాయి: అక్వేరియంలోకి కొత్త చేపలను వదిలిన కొద్ది రోజులకే, అంతవరకు హుషారుగా తిరిగిన పాత చేపలు ఒక్కొక్కటిగా చనిపోవడం చేపలు పెంచేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవమే. ఉక్కు నగరం భిలాయిలోని క్వార్టర్లు ఇందుకు మినహాయింపు కావు. అప్పుడు సాధారణంగా చేసే పని దుకాణం నుంచి నీలిరంగు మందు సీసా తెచ్చి తొట్టెలో పోయడం. జబ్బు ఏదో తెలియకుండా పోసిన మందు ఒక్కోసారి మిగిలిన చేపలను కూడా చంపుతుంది. మందుకు ముందు ఒక పావుగంట పరిశీలన అవసరం.

పరిశీలన చేప ప్రయాణంతో మొదలుకావాలి. దేశంలో అలంకార చేపల పెంపకానికీ వ్యాపారానికీ కోల్‌కతా పరిసరాలు పెద్ద కేంద్రం. హౌరా-ముంబయి రైలు మార్గంలో అక్కడి నుంచి భిలాయి సుమారు 850 కిలోమీటర్లు. అంత దూరం నుంచి వచ్చిన చేప మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో చాలా గంటలు గడిపి ఉంటుంది. సంచిలో అది విసర్జించే అమ్మోనియా నీటిలోనే పేరుకుంటుంది. అయితే చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటికి ఆమ్లగుణాన్ని ఇవ్వడం వల్ల ఆ అమ్మోనియాలో అధిక భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే వాయువు బయటికి పోతుంది, ఆమ్లగుణం తగ్గుతుంది, అమ్మోనియం తిరిగి విషపూరిత అమ్మోనియాగా మారుతుంది. అందువల్ల దూర ప్రయాణం చేసిన సంచిని మూతి విప్పకుండానే పావుగంట తొట్టెలో తేలనిచ్చి, ఉష్ణోగ్రత సమం కాగానే చేపను మాత్రమే వలతో లోపలికి వదలడం మంచిది. సంచి నీరు తొట్టెలోకి చేరకూడదు.

రెండో ఆధారం కాలం. వదిలిన కొన్ని గంటల్లోనే కొత్త చేపలు మాత్రమే సొమ్మసిల్లితే అది ప్రయాణపు అలసట, లేదా నీటి గుణంలో తేడా. రెండు మూడు రోజుల్లో కొత్తవి, పాతవి అన్న భేదం లేకుండా అన్నీ నీటి ఉపరితలానికి చేరి గాలి కోసం నోళ్లు తెరుస్తుంటే ముందుగా అనుమానించవలసింది నీటిని. ఫిల్టర్‌లో ఉండే మేలు చేసే బ్యాక్టీరియా పాత చేపల వ్యర్థాలకు సరిపడినంతే పెరిగి ఉంటుంది. ఒకేసారి పది చేపలు అదనంగా చేరితే ఆ భారాన్ని వెంటనే మోయలేదు. అమ్మోనియా, నైట్రైట్ పెరుగుతాయి. ఈ దశలో ఏ జబ్బు మందూ పనికిరాదు. పరీక్ష కిట్‌తో నీటిని చూసి, క్లోరిన్ తొలగించిన నీటితో మూడో వంతు మార్చి, మేత తగ్గించి, గాలి పంపును ఆగకుండా నడపడమే చికిత్స.

నాలుగైదు రోజుల నుంచి రెండు వారాల మధ్య మొదలయ్యే జబ్బు వేరు. కొత్త చేపలు ఆరోగ్యంగా కనిపిస్తూ పాత చేపలే జబ్బు పడటం ఇక్కడ చాలామందిని తికమక పెడుతుంది. ఆ సూక్ష్మజీవికి కొత్త చేపలు అలవాటు పడి ఉండవచ్చు; పాతవాటికి అది తొలి పరిచయం. కనుక కొత్త చేప చలాకీగా ఉన్నంత మాత్రాన దాన్ని నిర్దోషిగా భావించలేం.

ఈ గడువులో ఎక్కువగా కనిపించేది తెల్లమచ్చల వ్యాధి. పేరు విషయంలో తెలుగువారికి ఒక చిక్కు ఉంది. 1994-95 ప్రాంతంలో ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్యల సాగును దెబ్బతీసిన జబ్బునూ మనం ఇదే పేరుతో పిలుస్తాం. అది వైరస్ వల్ల వచ్చేది, దానికి మందు లేదు. అక్వేరియం చేపలకు వచ్చేది ఇక్ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల, ఇది నయమవుతుంది. ఉప్పు రేణువులు చల్లినట్టు ఒంటిపైనా వాజాలపైనా మచ్చలు, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం, వేగంగా కదిలే మొప్పలు దీని లక్షణాలు. చర్మం కింద ఉన్నంతవరకు పరాన్నజీవికి మందు తగలదు. ఎదిగాక అది రాలి అడుగుకు చేరి, గట్టి పొరలో వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు మరో చేపను వెతుకుతూ ఈదే ఒకటి రెండు రోజుల్లోనే మందుకు చిక్కుతాయి. 25 డిగ్రీల నీటిలో ఈ చక్రం వారం లోపే తిరుగుతుంది. చల్లని నీటిలో వారాలు పడుతుంది. మచ్చలు మాయమైన నాడే మందు ఆపేస్తే జబ్బు మళ్లీ రావడానికి కారణం ఇదే. చలికాలపు రాత్రుళ్లు బాగా చల్లబడే భిలాయిలో హీటర్ లేని తొట్టెలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

నీటిని క్రమంగా 30 డిగ్రీలకు వేడి చేయడం ఇక్‌కు ప్రసిద్ధమైన చికిత్స. పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. నోటి చుట్టూ, వీపుపైనా దూది అంటినట్టు కనిపించే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బును చాలామంది ఫంగస్ అనో, ఇక్ అనో భ్రమపడతారు. వేడి నీటిలో అది మరింత విజృంభిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తొట్టె ఖాళీ కావచ్చు. విడివిడిగా, గుండ్రంగా, గట్టిగా ఉన్న చుక్కలైతే ఇక్. అంచులు చెదిరిన బూడిదరంగు పొర అయితే కాలమ్నారిస్. మూడో రకం తెల్లచుక్కలు అసలు జబ్బే కాదు. జత కట్టే కాలంలో మగ గోల్డ్‌ఫిష్ మొప్పల మూతలపైనా, ముందరి వాజాల అంచునా చిన్న తెల్లని బొడిపెలు వస్తాయి. వాటికి మందు వేసి చేపను పోగొట్టుకోవడం విషాదమే.

గది చీకటి చేసి టార్చి వేస్తే బంగారు ధూళిలా మెరిసేది వెల్వెట్ జబ్బు. పైకి ఏ మచ్చా లేకుండా మొప్పలు మాత్రమే ఆయాసపడుతుంటే, నీటి పరీక్షలోనూ లోపం కనిపించకపోతే, మొప్ప పురుగులను అనుమానించాలి. వాటిని తేల్చేది మైక్రోస్కోపు ఒక్కటే.

వైరస్ అవకాశాన్నీ కొట్టివేయలేం. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ శాస్త్రవేత్తలు గోల్డ్‌ఫిష్‌లో హెర్పిస్ వైరస్‌ను గుర్తించి 2016లో ప్రకటించారు. ఆ చేపల్లో పలు యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా కూడా ఉన్నట్టు తేలింది. మనుషులకిచ్చే టెట్రాసైక్లిన్ గుళికలను విప్పి తొట్టెలో కలిపే అలవాటు ఎందుకు మంచిది కాదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఆ మందు ఫిల్టర్‌లోని మేలైన బ్యాక్టీరియాకూ హాని చేయగలదు.

పరీక్ష చేయించదలచినవారికి భిలాయి పక్కనే ఉన్న దుర్గ్‌లో, అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది. అది భాగంగా ఉన్న కామధేను విశ్వవిద్యాలయానికే చెందిన మత్స్య కళాశాల కవర్ధాలో ఉంది. ముందుగా సంప్రదించి వెళ్లడం మేలు. చనిపోయి గంటలపాటు నీటిలో నానిన చేప పరీక్షకు పనికిరాదు. జబ్బుతో ఉన్న ప్రాణమున్న చేప, లేదా అప్పుడే చనిపోయి ఐస్‌పై ఉంచిన చేప కావాలి.

విదేశాల నుంచి తెచ్చే వనామీ తల్లి రొయ్యలను 2009 నుంచి చెన్నైలోని నీలాంకరైలో క్వారంటైన్ చేసి పరీక్షించిన తర్వాతే హేచరీలకు పంపుతున్నారు. ఇంట్లో అదే పని ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఒక స్పాంజి ఫిల్టర్ చేయగలవు. కొత్త చేపలను మూడు నాలుగు వారాలు అందులో ఉంచాలి. చివరి వారంలో పాత తొట్టెలోని ఒక చవక చేపను వాటితో కలిపి చూసేవారూ ఉన్నారు. పైకి కనిపించని జబ్బు ఉంటే దానికి సోకి బయటపడుతుంది. టబ్బుకు వాడిన వలను, పైపును పెద్ద తొట్టెలో ముంచకూడదు. చేతికి గాయం ఉన్నవారు ఏ తొట్టెలోనైనా గ్లవ్స్ లేకుండా చేయి పెట్టకూడదు. చేపల క్షయ కారక బ్యాక్టీరియా మనిషి చర్మానికీ సోకి నెలల తరబడి మానని పుండ్లు కలిగిస్తుంది.