పక్కింటికి పంపే పండ్ల ముక్కలు: రంగును కాదు, గడియారాన్ని చూడాలి

కోసిన ఆపిల్ ముక్క కాసేపట్లో గోధుమ రంగుకు తిరిగితే పక్కింటికి పంపడానికి మొహమాటపడతాం. పుచ్చకాయ ముక్కలు మధ్యాహ్నం నుంచి బల్ల మీదే ఉన్నా, ఎర్రగా నిగనిగలాడుతుంటే నిశ్చింతగా పంపేస్తాం. నిజానికి మొదటి ముక్కతో ప్రమాదం లేదు. జాగ్రత్త పడవలసింది రెండో దానితోనే.

మన కోసం చేసుకున్న ఫ్రూట్ సలాడ్‌ను అప్పటికప్పుడే తినేస్తాం. ఇరుగుపొరుగుకు పంచేటప్పుడు రెండు విషయాలు మారతాయి. కోయడానికీ తినడానికీ మధ్య సమయం పెరుగుతుంది. తినేవారిలో గర్భిణులు, పసిపిల్లలు, షుగర్ ఉన్న పెద్దవారు ఉండవచ్చు.

రంగు ఎందుకు మారుతుంది?

ఆపిల్, అరటి వంటి పండ్ల కణాల్లో పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఒకచోట, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మరోచోట ఉంటాయి. కత్తి పడగానే కణాలు తెగి ఈ రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడవడంతో పాలీఫినాల్స్ క్వినోన్లుగా మారతాయి. క్వినోన్లు ఒకదానితో ఒకటి కలిసి గోధుమ రంగు పదార్థాన్ని ఏర్పరుస్తాయి. తేయాకు నల్లబడటంలోనూ ఈ ఎంజైముదే ముఖ్య పాత్ర. రుచి కాస్త తగ్గినా, ఈ రంగు వల్ల జబ్బు రాదు.

నిమ్మరసం ఈ మార్పును రెండు విధాలుగా అడ్డుకుంటుంది. దానిలోని ఆమ్లం ఎంజైము పనిని మందగింపజేస్తుంది. విటమిన్ సి క్వినోన్లను తిరిగి పాత రూపానికి తెస్తుంది. ఒక ఆపిల్‌ను మూడు ముక్కలు చేసి, ఒకదానికి నిమ్మరసం పట్టించి, ఒకదాన్ని ఉప్పునీటిలో ముంచి, మూడోదాన్ని అలాగే వదిలేయండి. అరగంటలో తేడా పిల్లలకు కూడా తెలుస్తుంది.

కనిపించని మార్పు

బ్యాక్టీరియా పెరుగుదలకు ఆమ్లత్వం ఒక అడ్డుకట్ట. ఆహార శాస్త్రంలో పీహెచ్ 4.6ను ఒక ముఖ్యమైన గీతగా చూస్తారు. అనాస, ద్రాక్ష, దానిమ్మ, ఆపిల్ ఈ గీతకు దిగువన, అంటే పుల్లటి వైపు ఉంటాయి. పుచ్చకాయ, కర్బూజ, బొప్పాయి గీతకు పైన ఉంటాయి. వీటిలో ఆమ్లం తక్కువ, నీరూ చక్కెరా ఎక్కువ. తొక్క ఉన్నంతవరకు లోపలి గుజ్జుకు రక్షణ ఉంటుంది. తొక్క మీది మట్టిలో సూక్ష్మజీవులుంటే, కత్తి వాటిని నేరుగా గుజ్జులోకి చేరుస్తుంది.

అన్నీ అనుకూలిస్తే ఈ-కోలి బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన మూడు గంటల్లో 9 సార్లు రెట్టింపై, ఒకటి 512 అవుతుంది. పండ్ల గిన్నెలో అంత వేగం ఉండకపోవచ్చు. కానీ పెరిగే తీరు మాత్రం అదే. అప్పటికీ ముక్క రంగు, వాసన మారకపోవచ్చు.

2011లో అమెరికాలో లిస్టీరియా బ్యాక్టీరియా సోకిన కర్బూజ పండ్లు తిని 147 మంది జబ్బుపడ్డారు, 33 మంది మరణించారు. బాధితుల్లో ఎక్కువ మంది 60 ఏళ్లు దాటినవారు. గర్భిణులకు కూడా లిస్టీరియా ప్రమాదకరం, గర్భస్రావానికి దారితీయవచ్చు. ఇది ఫ్రిజ్ చల్లదనంలోనూ నెమ్మదిగా పెరగగలదు. అందుకే కోసిన ముక్కలను ఫ్రిజ్‌లో పెట్టినా రోజుల తరబడి ఉంచకూడదు.

గిన్నె సిద్ధం చేసే పద్ధతి

తొక్క తీసి పారేసే పండునైనా కోయకముందే కుళాయి ధార కింద రుద్ది కడగాలి. కర్బూజ వంటి గరుకు తొక్కకు బ్రష్ వాడితే మంచిది. సబ్బు వద్దు. మాంసం, చేపలు కోసిన పలకను, కత్తిని కడగకుండా పండ్లకు వాడకూడదు. వాంతులు, విరేచనాలతో ఉన్నవారు ఆ రోజు పండ్లు కోసే పని పెట్టుకోకూడదు.

పుల్లటి పండ్లను ముందుగా, పుచ్చకాయ, కర్బూజ, బొప్పాయిలను చివరగా కోయండి. చక్కెర, ఉప్పు, చాట్ మసాలా వడ్డించేటప్పుడే చల్లాలి. ముందే కలిపితే ద్రవాభిసరణం వల్ల రసమంతా బయటకు వచ్చి ముక్కలు మెత్తబడతాయి. పచ్చి అనాసలోని బ్రొమెలైన్ పాల ప్రోటీన్లను విడగొట్టి చేదు తెస్తుంది. కాబట్టి పెరుగు, క్రీమ్ కలపాలనుకుంటే తినే ముందే కలపండి. ఏడాది లోపు పిల్లలు తినే గిన్నెలో తేనె అసలే వేయకూడదు, దానివల్ల బోటులిజం ముప్పు ఉంది. షుగర్ ఉన్నవారికి చక్కెర కలపని ముక్కలు విడిగా తీసి, కొద్దిగానే పంపండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించిన 2,000 కిలో కేలరీల నమూనా పళ్లెంలోనూ రోజుకు పండ్లు 100 గ్రాములే.

కోసిన ముక్కలు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండాకాలంలో, 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. నిమ్మరసం పిండామన్న ధీమా వద్దు. అది రంగును నిలుపుతుందే తప్ప, బ్యాక్టీరియాను చంపుతుందని నమ్మలేం.

గిన్నె అందించేటప్పుడు, "వదినా, ఇప్పుడే కోశాను, గంటలోపు తినేయండి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టండి" అని ఒక్క మాట చెప్పండి. ముక్కలు ఎప్పుడు కోశారో వాటిని చూసి ఆమె కనిపెట్టలేరు, మీరు చెబితేనే తెలుస్తుంది.