మాట చెల్లుతున్నప్పుడే మాట్లాడుకుందాం

కోనసీమలో, నరసాపురం, భీమవరం ప్రాంతాలలో మన సంఘాలను చూస్తే ముందు వరుసల్లో తల నెరిసినవారే ఎక్కువ. పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటారు. ఊళ్లో ఇంటికి అమ్మానాన్నలే కాపలా. ఆ ఇళ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటుంది: "ఈమధ్య నాన్నగారికి మతిమరుపు ఎక్కువైందండి, వయసు కదా!"

కొన్నిసార్లు అది వయసే. కొన్నిసార్లు డిమెన్షియాకు, అంటే మెదడు క్రమంగా దెబ్బతినే జబ్బుకు, తొలి గుర్తు. చుట్టం పేరు తట్టక కాసేపటికి గుర్తుకు రావడం వయసు. ముప్పై ఏళ్లు నడిచిన చర్చి దారి తప్పడం, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే తెలియదనడం, పెన్షను డబ్బు కోడలు తీసిందని పదేపదే అనుమానించడం వయసు కాదు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఇది దయ్యం కాదు, చేతబడి కాదు, పాపానికి శిక్ష కాదు. ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్దాం. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, దిగులు జబ్బు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది.

డిమెన్షియా అని తేలితే? చాలా కుటుంబాలు "తర్వాత చూద్దాంలే" అంటాయి. కష్టమంతా ఆ 'తర్వాత'లోనే ఉంది.

కాగితాల సంగతి

క్రైస్తవుల వీలునామాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. రాసేవారికి తాము ఏం రాస్తున్నామో తెలిసే స్థితి ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. చాలామందికి తెలియని నియమం ఒకటుంది: సాక్షిగా సంతకం చేసిన వ్యక్తికి గానీ, ఆ వ్యక్తి భార్యకు లేక భర్తకు గానీ ఆ వీలునామాలో రాసింది చెల్లదు. కాబట్టి ఆస్తి పొందే కొడుకూ కోడలూ సాక్షులుగా ఉండకూడదు. జబ్బు మొదలైందని తెలిసిన తర్వాత రాస్తుంటే, ఆ రోజు మనస్సు స్థిమితంగానే ఉందని డాక్టరు చేత రాయించుకోవడం మంచిది.

"జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉందిగా" అని కొందరు ధీమాగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగిసిపోతుంది. ఏ రోజు అవసరమో ఆ రోజే అది పనికిరాదు. ఆ తర్వాత సంరక్షకుడి నియామకం కోసం కోర్టు మెట్లు ఎక్కాలి. అందుకే బ్యాంకు ఖాతాను నమ్మకమైన వారితో ఉమ్మడి ఖాతాగా మార్చుకోవడం, నామినీ పేరు రాయించడం ముందే జరగాలి. వైద్యం విషయంలో మాత్రం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మంచి వీలు కల్పించింది. తన తరఫున ఎవరు నిలబడాలో తెల్లకాగితం మీద రాసి, సంతకం గానీ వేలిముద్ర గానీ వేస్తే చాలు.

కాలువగట్టు ఊళ్లలో జాగ్రత్తలు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాకు కాలువలే ప్రాణం. దారి మరచి తిరిగే పెద్దలకు ఆ కాలువలే గండం. వీధి గేటుకు వారి చూపు పడని చోట గొళ్లెం పెట్టండి, కానీ వారిని ఒంటరిగా లోపల పెట్టి తాళం వేయకండి. జేబులో ఫోను నంబరున్న చీటీ, మీ ఫోనులో వారి తాజా ఫోటో ఉండాలి. పుట్టింటి వీధి, పాత రేవు, పనిచేసిన బడి... వారి కాళ్లు ఎటు లాగుతాయో ముందే రాసిపెట్టుకోండి. కనబడకపోతే ముందు కాలువగట్లు, చెరువులు వెతకండి, ఆ వెంటనే 112కు ఫోను చేయండి. ఒక రోజు ఆగాలన్న నియమం ఏదీ లేదు. సలహా కోసం పెద్దల సహాయ నంబరు 14567 ఉంది.

2022 జులై వరదలలో లంక గ్రామాల అవస్థ మనం చూశాం. కొత్త చోటు, జనం గోల డిమెన్షియా ఉన్నవారిని బెదరగొడతాయి. వరద వస్తే ఏ బంధువుల ఇంటికి వెళ్లాలో వేసవిలోనే అనుకోండి. మందుల చీటీ, ఆధార్, అలవాటైన దుప్పటి ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి.

సంఘం చేయవలసినది

ముందుగా కాపరులకు, పెద్దలకు ఒక మాట. జ్ఞాపకశక్తి తగ్గిన విశ్వాసి స్థలమో, పెద్ద మొత్తమో కానుకగా ఇస్తానంటే కుటుంబ సభ్యులు లేకుండా తీసుకోవద్దు. ఏమి ఇస్తున్నారో ఇచ్చేవారికే తెలియనప్పుడు అది కానుక కాదు. ఆ స్థలంలో కట్టిన మందిరం మీద రేపు ఒక కుటుంబం కన్నీళ్లు ఉంటాయి.

రెండవది, పలకరించే తీరు. "నన్ను గుర్తుపట్టారా మామ్మగారూ?" అని పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పి పక్కన కూర్చోండి. పేర్లు పోయినా చిన్ననాటి కీర్తనలు చాలామందికి మిగిలే ఉంటాయి, కలిసి పాడండి. చూసుకునే కోడలికో కూతురికో వారానికి రెండు గంటలు విరామం ఇచ్చేందుకు స్త్రీల సమాజం వంతులు వేసుకోవచ్చు.

ముందు ఏర్పాట్లు అవిశ్వాసమని కొందరు సందేహిస్తారు. యోహాను సువార్త 19వ అధ్యాయం చూడండి. సిలువ మీద, శ్వాస ఆడుతుండగానే, ప్రభువు తన తల్లిని ఎవరు చూసుకోవాలో పేరుకు బదులు మనిషినే చూపించి అప్పగించారు. ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. తండ్రి చిత్తానికి లోబడినవాడే తల్లికి ఏర్పాటు చేశాడు.

ఈ ఆదివారం భోజనాలయ్యాక అమ్మానాన్నలను మూడు ప్రశ్నలు అడగండి: "ఒకవేళ మీకు చేతకాకపోతే ఎవరి దగ్గర ఉండాలని ఉంది? డబ్బు వ్యవహారం ఎవరు చూడాలి? వైద్యం గురించి ఎవరు మాట్లాడాలి?" దూరాన ఉన్న తోబుట్టువులను ఫోనులో కలుపుకోండి. చెప్పినది వారి మాటల్లోనే రాసి, తేదీ వేయండి.