రూర్‌కెమీ–రోన్-పులెంక్ ప్రక్రియ

రూర్‌కెమీ–రోన్-పులెంక్ ప్రక్రియ అనేది ప్రొపీన్ నుండి బ్యూటిరాల్డిహైడ్‌ను తయారుచేసే పారిశ్రామిక పద్ధతి. జర్మనీకి చెందిన రూర్‌కెమీ, ఫ్రాన్సుకు చెందిన రోన్-పులెంక్ సంస్థలు దీనిని కలిసి అభివృద్ధి చేశాయి. 1984లో జర్మనీలోని ఓబర్‌హౌజెన్‌లో ఉత్పత్తి మొదలైంది. సజాతీయ, విజాతీయ ఉత్ప్రేరణాల మేలు గుణాలను ఒకచోట చేర్చిన పద్ధతిగా ఇది ప్రసిద్ధి చెందింది.

నేపథ్యం

ఉత్ప్రేరకం, క్రియాజనకాలు ఒకే ప్రావస్థలో ఉంటే సజాతీయ ఉత్ప్రేరణం అని, వేర్వేరు ప్రావస్థలలో ఉంటే విజాతీయ ఉత్ప్రేరణం అని అంటారు. అమ్మోనియా తయారీలో ఇనుము ఘనరూపంలో ఉంటుంది, వాయువులు దాని మీదుగా సాగిపోతాయి. కనుక ఉత్ప్రేరకాన్ని వేరుచేయవలసిన పని ఉండదు. అయితే ఘన ఉపరితలంపై చర్యాస్థానాలన్నీ ఒకే విధంగా ఉండవు. ద్రావణంలో కరిగిన లోహ సంశ్లిష్టాన్ని తగిన లైగాండ్‌తో కోరిన విధంగా మలచవచ్చును. కాని అది ఉత్పన్నంతో కలిసిపోతుంది.

ఆల్కీన్‌కు కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోజన్‌ను చేర్చి ఆల్డిహైడ్ పొందే హైడ్రోఫార్మైలీకరణ చర్యను 1938లో రూర్‌కెమీలోనే ఒట్టో రోలెన్ కనుగొన్నాడు. మొదట కోబాల్ట్‌ను వాడేవారు. తరువాత వచ్చిన రోడియం తక్కువ పీడనం వద్దనే చురుకుగా పనిచేస్తుంది, కాని అది అరుదైన, మిక్కిలి ఖరీదైన లోహం. ఉత్పన్నంతో కొద్దిగా కొట్టుకుపోయినా పరిశ్రమకు గిట్టుబాటు కాదు. రోడియం సంశ్లిష్టాలను పాలిమర్లకు, సిలికాకు బంధించే ప్రయత్నాలు జరిగినా లోహం క్రమంగా ఊడి ద్రవంలోకి చేరేది.

పరిశోధన

1970 దశకంలో రోన్-పులెంక్‌లో ఎమీల్ కుంట్జ్ ఉత్ప్రేరకాన్ని ఘనపదార్థానికి బదులు నీటిలో నిలిపే మార్గం చూపాడు. ట్రైఫెనైల్‌ఫాస్ఫీన్‌లోని మూడు వలయాలకు ఒక్కొక్క సల్ఫోనేటు సమూహాన్ని చేర్చగా వచ్చే సోడియం లవణం లీటరు నీటిలో సుమారు 1.1 కిలోగ్రాముల వరకు కరుగుతుంది. ఈ లైగాండ్‌తో కూడిన రోడియం సంశ్లిష్టం నీటిని విడిచి సేంద్రియ ద్రవంలోకి పోదు. హైడ్రోఫార్మైలీకరణలో దీర్ఘకాల అనుభవం గల రూర్‌కెమీ ఈ ఫలితాన్ని కర్మాగార స్థాయికి తెచ్చింది.

పనిచేసే విధానం

సుమారు 120° సెల్సియస్, 50 బార్‌ల పీడనం వద్ద ప్రొపీన్‌ను, రెండు వాయువులను ఉత్ప్రేరకమున్న నీటితో బాగా కలియబెడతారు. ప్రొపీన్ కొద్దిగానైనా నీటిలో కరుగుతుంది కనుక చర్య సాగుతుంది. ఏర్పడిన ఆల్డిహైడ్ నీటిపై వేరు పొరగా తేలుతుంది. దానిని తీసివేసి నీటిని తిరిగి రియాక్టరులోకి పంపుతారు. ఉత్ప్రేరకాన్ని స్వేదనంతో వేరుచేయనక్కరలేదు కనుక అది వేడికి చెడదు. ఉత్పన్నంలో సుమారు 95 శాతం సరళశృంఖల ఆల్డిహైడ్ ఉంటుంది. దీని నుండి తయారయ్యే 2-ఇథైల్‌హెక్సనాల్‌ను ప్లాస్టిక్‌లను మెత్తబరిచే పదార్థాల తయారీలో వాడతారు.

పరిమితులు

కర్బన శృంఖలం పొడవు పెరిగేకొద్దీ ఆల్కీన్ నీటిలో కరగడం తగ్గుతుంది. అందువలన ఆక్టీన్ వంటి వాటితో చర్య మరీ మందగిస్తుంది. ఉత్ప్రేరకాన్ని కాపాడే నీరే ఇక్కడ అడ్డంకి అవుతుంది. దీనిని అధిగమించడానికి 1989లో మార్క్ డేవిస్ బృందం, రోడియం కలిగిన పలుచని నీటిపొరను సూక్ష్మరంధ్రాలు గల సిలికాపై నిలిపే పద్ధతిని ప్రకటించింది. ఇందులో సజాతీయ ఉత్ప్రేరకం మళ్ళీ ఘన ఉపరితలాన్ని ఆశ్రయించింది.