రిటైర్మెంటు లోపే అప్పుల లెక్క చూసుకుందాం

"పి.ఎఫ్. రాగానే అన్నీ ఒక్కసారే తీర్చేద్దాంలే!"

మా వారు ఈ మాట అన్నప్పుడల్లా నేనూ తల ఊపేదాన్ని. ఆయన ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. 58 నిండడానికి ఇంక రెండేళ్ళే ఉంది. పండక్కి ఇల్లు దులుపుతుంటే ఆయన ఫైళ్ళ మధ్య ఒక క్రెడిట్ కార్డు బిల్లు కనిపించింది. బాకీ అక్షరాలా ఎనభై వేలు! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. "నువ్వు బెంగ పెట్టుకుంటావని చెప్పలేదు" అన్నారు తలొంచుకుని.

ఆ రాత్రి బాగా పోట్లాడుకున్నాం. మర్నాడు పొద్దున్నే పాల లెక్క రాసే నోటుబుక్కు తీసి ఇద్దరం కూర్చున్నాం. మేం వేసుకున్న లెక్క మీలో కొందరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నీ రూపాయి వడ్డీలోకి మార్చండి

బ్యాంకువాళ్ళు ఏడాదికి ఇంత శాతం అంటారు. ప్రోనోటు రాయించుకున్నవాళ్ళు రెండు రూపాయలంటారు. ఇలా తలో లెక్కా ఉంటే ఏ అప్పు ఎంత బరువో తెలీదు. ఏడాది శాతాన్ని 12తో భాగించండి. నూటికి నెలకు ఎంతో తేలిపోతుంది. మా ఇంటి లెక్క ఇదీ:

కార్డు బాకీ 80 వేలు, మూడున్నర రూపాయల వడ్డీ. నెలకు 2,800.
ప్రోనోటు అప్పు 2 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. నెలకు 4,000.
పర్సనల్ లోను 3 లక్షలు, రూపాయి పదిహేడు పైసలు. నెలకు సుమారు 3,500.
గోల్డ్ లోను లక్షన్నర, 75 పైసలు. నెలకు 1,125.
ఇంటి లోను 4 లక్షలు, 70 పైసలు. నెలకు 2,800.

మొత్తం అప్పు 11 లక్షల 30 వేలు, నెల వడ్డీ 14,225. మొదటి రెండూ కలిపితే అప్పులో పావు వంతే. వడ్డీలో మాత్రం దాదాపు సగం! రెండేళ్ళు ఆగితే ఆ రెండింటికే 1,63,200 రూపాయలు వడ్డీ కింద పోతుంది. అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది.

పోనీ పి.ఎఫ్.తో తీరుద్దామంటే, తర్వాత తినేది దేనితో? మాలాంటి ప్రైవేటు ఉద్యోగుల్లో చాలామందికి ఈ.పి.ఎస్. పింఛను నెలకు ఏడున్నర వేలు దాటదు. పి.ఎఫ్., గ్రాట్యుటీ మన చేతికి రాకముందు అప్పులవాళ్ళు జప్తు చేయించడానికి చట్టమే ఒప్పుకోదు. ముసలితనానికని చట్టం కాపాడిన సొమ్ముని మనమే తీసి ఇచ్చేస్తే ఎలా?

మేం ఆలోచించిన దారులు

ఇల్లు తాకట్టు పెట్టి అన్నీ ఒకే లోనుగా మార్చుకోమని ఒకరు చెప్పారు. వడ్డీ తగ్గుతుంది, నిజమే. కానీ పదేళ్ళ వాయిదాలంటే ఆయనకు 66 వచ్చేదాకా కట్టాలి. వాయిదాలు తప్పితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్ళకుండానే ఇల్లు వేలం వేయొచ్చు. వద్దనుకున్నాం.

కార్డువాళ్ళతో సెటిల్‌మెంటు చేసుకోమని ఇంకొకరన్నారు. కొంత తగ్గించి పుచ్చుకుంటారు గానీ సిబిల్ రికార్డులో "సెటిల్డ్" అని పడుతుంది. ఆ తర్వాత కొత్త లోను పుట్టడం కష్టం. బొత్తిగా కట్టలేనివాళ్ళకే ఆ దారి.

ఇక ఐ.పి. పెట్టడం. అది కోర్టు వ్యవహారం. ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. అన్ని దారులూ మూసుకుపోయినవాళ్ళు మంచి వకీలుని అడిగాకే దాని జోలికి వెళ్ళాలి.

మాకు మిగిలింది తాకట్టులో ఉన్న నా బంగారం. పెద్ద గొలుసు, నాలుగు గాజులు. "పెళ్ళాం నగలు అమ్ముకున్నాననిపించుకోలేను" అన్నారాయన. "బ్యాంకు లాకర్లో ఉన్న గొలుసు నా మెడలో ఉందా ఏమిటండీ? దానికి మనం నెలనెలా వడ్డీ కూడా కడుతున్నాం కదా!" అన్నాను. స్త్రీధనం ఆడదాని సొంతం. అమ్మాలో వద్దో తేల్చుకోవాల్సిందీ ఆమే. ఎవరూ బలవంతం చేయకూడదు. నేను మాత్రం మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాను. విడిపించడానికి మా తమ్ముడు రెండు రోజులకు డబ్బు సర్దాడు. అమ్మగా వచ్చిన దానితో అతనిది అతనికి ఇచ్చేసి, కార్డు, ప్రోనోటు రెండూ తీర్చేశాం.

దాంతో నెలకు 7,925 రూపాయల వడ్డీ తప్పింది. అది ఇంటి ఖర్చులో కలవనివ్వకుండా పర్సనల్ లోనుకి అదనంగా కడుతున్నాం. ఆయన రిటైరయ్యే లోపే ఆ లోను కూడా తీరిపోతుంది. ఇంటి లోనులో మిగిలింది గ్రాట్యుటీతో కట్టి, పి.ఎఫ్. ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

ఇవి మరిచిపోకండి

ప్రోనోటు అప్పులో కొంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించండి. పూర్తిగా తీరాక నోటు వెనక్కి తీసుకోండి. కార్డు, లోను తీరితే "బాకీ లేదు" అని కాగితం అడిగి పుచ్చుకోండి. లోను ముందుగా కట్టేముందు అదనపు ఛార్జీ ఉందేమో కనుక్కోండి. ఇంటి లోను తీరిన 30 రోజుల్లో బ్యాంకు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది.

అన్నిటికంటే ముఖ్యం, చదవకుండా సంతకం పెట్టకండి. మనం సంతకం చేయని భర్త అప్పుకి మన సొంత ఆస్తి పూచీ కాదు. ఉమ్మడి లోనులో గానీ, హామీగా గానీ సంతకం చేస్తే ఆ బాకీ మనదీ అవుతుంది.

మీ వారు రిటైరవడానికి ఐదేళ్ళున్నా సరే, ఈ ఆదివారమే ఒక నోటుబుక్కు తీసి కూర్చోండి. అప్పు ఎందుకు చేశారని మొదలుపెడితే దెబ్బలాటే మిగులుతుంది. ఏ అప్పు ముందు తీర్చాలి అని మొదలుపెట్టండి. మా ఇంట్లో ఫైళ్ళన్నీ ఇప్పుడు అందరికీ కనపడేలా టేబులు మీదే ఉంటున్నాయి.