వేసవి పగటికి తగిన పరిమళం

వేసవి వివాహాలలో అతిథుల చేతులకు గంధం పూసి, పన్నీరు చిలకరించడం మన ఇండ్లలో తరతరాల ఆచారం. వెనుకటి రోజులలో మండుటెండలకు కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి, వాటిపై నీళ్లు చల్లేవారు. ఉష్ణదేశాలలో పరిమళం కేవలం అలంకారం కాదు, చల్లదనంలో అదొక భాగం. నేడు పన్నీటిబుడ్డి స్థానాన్ని చాలవరకు సెంటుసీసా ఆక్రమించింది. అంగడిలో పది సీసాలను ముందుంచుకొని, వాటిలో మండువేసవి పగటిపూటకు తగినది ఏదో నిర్ణయించడం మాత్రం చూచినంత సులభం కాదు. చాలామంది మొదటి నిమిషంలో ముక్కుకు సోకిన వాసనకే ముగ్ధులై డబ్బు చెల్లిస్తారు, మధ్యాహ్నమయ్యేసరికి విచారిస్తారు. ఈ విచారానికి కారణమేమిటో, తాజాదనమూ కస్తూరి వాసనా కలిసిన ఒక తరగతి పరిమళాలను తీసుకొని పరిశీలిద్దాం.

ఏ వాసన అయినా మన ముక్కును చేరాలంటే ముందుగా అది ఆవిరి కావాలి. నిమ్మ, నారింజ తొక్కల నూనెలో అధికభాగం లిమోనిన్ అనే పదార్థం. దాని అణుభారం సుమారు 136. అది తేలికైనది కనుక త్వరగా ఎగిరిపోతుంది. కస్తూరి వాసననిచ్చే పదార్థాల అణుభారం తరచుగా 220 నుండి 270 వరకు ఉంటుంది. అవి చర్మాన్ని అంటిపెట్టుకొని గంటల తరబడి నిలుస్తాయి. అందువలన ఒకే సీసాలోని ద్రవం మూడు అంచెలుగా వ్యక్తమవుతుంది. మొదట పై వాసన, తరువాత నడిమి వాసన, చివరకు అడుగు వాసన. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఈ ప్రయాణం వేగవంతమవుతుంది. చలిదేశంలో అరగంట నిలిచే నిమ్మ వాసన మన ఎండలో అంతసేపు నిలువదు. అంగడిలో మనం మెచ్చి కొనేది ఆ పై వాసననే; రోజంతా మోసేది అడుగు వాసనను.

తాజా పరిమళాలకు గల ఈ లోపం కొత్తగా కనుగొన్నది కాదు. ఇటలీనుండి వచ్చి జర్మనీలో స్థిరపడిన ఫరీనా కుటుంబం 1709లో కొలోన్ నగరంలో వ్యాపారం ప్రారంభించింది. నిమ్మజాతి నూనెలతో వారు చేసిన పరిమళజలానికి ఆ నగరం పేరే వచ్చింది. అదే ఓ ద కొలోన్. నెపోలియన్ చక్రవర్తి కొలోన్ జలాన్ని విరివిగా వాడేవాడు. విరివిగా వాడక తప్పదు మరి! హాయి గొలిపే ఆ వాసన ఎంతోసేపు ఉండదు. దానిని నిలబెట్టడానికి అడుగున బరువైన ఆధారం ఒకటి కావాలి. అట్టి ఆధారాలలో ప్రధానమైనది కస్తూరి.

కస్తూరి మన కావ్యాలకు చిరపరిచితం. నాయికల నుదుట తిలకంగా, దేవతామూర్తుల అలంకారంగా కవులు దానిని ఎంతగానో వర్ణించారు. కాని అది లభించే విధానంలో కావ్యశోభ ఏమీ లేదు. హిమాలయాది పర్వత ప్రాంతాలలో సంచరించే మగ కస్తూరి మృగానికి పొత్తికడుపు భాగంలో ఒక గ్రంథి ఉంటుంది. ఒక మృగం నుండి లభించేది సుమారు 25 గ్రాముల కస్తూరి మాత్రమే. దానికోసం మృగాన్ని చంపేవారు. ఉచ్చుకు మగ, ఆడ భేదం తెలియదు కనుక గ్రంథిలేని ఆడజంతువులు, పిల్లలు సైతం బలి అయ్యేవి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జంతువు వేటను నిషేధించింది. అయినా దొంగవేట పూర్తిగా ఆగలేదు.

ఈ వధ నుండి పరిమళాన్ని విడదీసినది రసాయన శాస్త్రం. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రేలుడు పదార్థాలపై పరిశోధనలు చేస్తూ, అనుకోకుండా కస్తూరిని పోలిన వాసనగల పదార్థాన్ని తయారుచేశాడు. బాంబుకు బదులు పరిమళం లభించడం శాస్త్రచరిత్రలో అరుదైన సంఘటన. సహజ కస్తూరిలోని ముఖ్య పదార్థమైన మస్కోన్‌ను 1906లో వాల్బామ్ వేరుచేశాడు. అది పదిహేను కర్బన పరమాణువులు వలయంగా ఏర్పడిన నిర్మాణమని 1926లో రుజిచ్కా నిరూపించాడు. అంత పెద్ద వలయాలు నిలువవని అప్పటివరకు రసాయనవేత్తల నమ్మకం. ఆయనకు 1939లో నోబెల్ బహుమతి ప్రకటించారు. మన ప్రాంతంలో కస్తూరి బెండ అని పిలిచే మొక్క గింజలలోనూ ఇటువంటి పెద్ద వలయపు పదార్థమే ఉన్నది. జంతువును తాకకుండా కస్తూరి వాసన పొందే మార్గం పెరటి మొక్కలోనే ఉన్నదన్నమాట.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో గెలాక్సోలైడ్ వంటి కృత్రిమ కస్తూరులు బట్టల సబ్బుపొడులలో చేరాయి. ఉతికి ఆరవేసిన దుస్తుల వాసనగా మనం గుర్తించేది చాలావరకు ఇదే. పరిమళ వ్యాపారంలో దీనిని తెల్ల కస్తూరి అంటారు. మృగకస్తూరిలోని అడవి ఘాటు ఇందులో లేదు. శుభ్రత, మెత్తదనం ఉన్నాయి. పగటి పరిమళాలకు ఇది వరమైంది. పెద్ద కంపెనీల అభిరుచికి లొంగక, పరిమితంగా, సొంత పోకడలతో పరిమళాలు చేసే చిన్న సంస్థలను నీష్ సంస్థలంటారు. పారిస్‌లో 1976లో జాన్ లాపోర్త్ స్థాపించిన లార్టిజాన్ పర్ఫ్యూమర్ అట్టి వానిలో తొలితరానిది. ఆ సంస్థ 1978లో విడుదల చేసిన ‘మ్యూర్ ఎ మ్యూస్క్’ అనే పరిమళం పేరుకు బ్లాక్‌బెర్రీ పండు, కస్తూరి అని అర్థం. పండు తాజాదనాన్ని కస్తూరి మెత్తదనంపై నిలిపిన ఈ కూర్పు తరువాతి వారికి ఒక మార్గం చూపింది.

ఇట్టి పరిమళాన్ని పరీక్షించే పద్ధతికి వద్దాం. కాగితపు పట్టీపై చల్లి చూడడం తొలి వడపోతకు మాత్రమే పనికివస్తుంది. కాగితానికి శరీరపు వేడి లేదు, చెమట లేదు. నచ్చినదానిని ముంజేతిపై ఒక్కసారి చల్లి, రుద్దకుండా ఆరనిచ్చి, అంగడి విడిచి వెలుపలికి రావాలి. చల్లని ఏసీ గదిలో పరిమళం ఒదిగి ఉంటుంది. అదే కర్నూలు పొడి ఎండలోనో, విశాఖపట్టణపు ఉక్కపోతలోనో వేరే రూపం చూపుతుంది. పావుగంటకు ఒకసారి, రెండు గంటలకు మరొకసారి, సాయంత్రం ఇంకొకసారి వాసన చూడాలి. తీపి అధికంగా గల కూర్పులు వేడికి మరింత తీపెక్కి వెగటు పుట్టిస్తాయి. నా దృష్టిలో వేసవి పగటికి పండ్ల తీపి తక్కువగా, ఆకుపచ్చని చేదు కొంచెం ఎక్కువగా ఉన్నదే మేలు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కొన్ని కస్తూరి పదార్థాల వాసన కొందరి ముక్కుకు బొత్తిగా తెలియదు. ఇతర వాసనలన్నీ చక్కగా పసిగట్టేవారికి కూడ ఈ లోపం ఉండవచ్చు. పైగా ఒకే వాసనను అదేపనిగా పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడి పట్టించుకోదు. పరిమళం పోయిందని భ్రమించి మళ్లీ మళ్లీ చల్లుకొనేవారు ఈ కారణంగానే కిక్కిరిసిన బస్సులో తోటివారికి తలనొప్పి తెస్తారు. కావున తీర్పు చెప్పే పని ఇంట్లోనివారికి అప్పగించడం మంచిది. చేయిచాచినంత దూరంలో తేలికగా తెలిసి, గదినిండా వ్యాపించని పరిమళం తరగతి గదికి సరిపోతుంది.

ఎండ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్కనుండి పిండిన నూనెలో బెర్గాప్టెన్ ఉంటుంది. అది చర్మంపై ఉండగా ఎండ సోకితే చర్మం కంది, నల్లని మచ్చలు పడవచ్చు. దానిని తొలగించిన నూనెను వాడేవారున్నారు. అయినా మెడమీద చల్లుకొని ఎండలోకి పోవడం కంటె చొక్కా లోపలి అంచున చల్లుకోవడం క్షేమం. నీటి సంగతి కూడ తలచుకోవాలి. కొన్ని కృత్రిమ కస్తూరులు త్వరగా విచ్ఛిన్నం కావు. జపాన్ నదులలోని చేపలలో వాటి జాడలు 1980ల తొలినాళ్లలోనే బయటపడ్డాయి. మృగాన్ని కాపాడిన పదార్థమే చేపను చేరింది.

నీష్ పరిమళాల ధర అధికం. విద్యార్థికి నిండు సీసా కొనడం భారమే. ఒకటి రెండు మిల్లీలీటర్ల నమూనా సీసాలు విడిగా అమ్మేచోట వాటిని కొని, మూడు వేర్వేరు పగళ్లు ధరించి చూడవచ్చు. ఒకనాడు కాలేజీకి, ఒకనాడు బస్సు ప్రయాణానికి, ఒకనాడు ఇంటిపట్టున. మూడవనాటి సాయంత్రం విడిచిన చొక్కాను మడతపెట్టక ముందు ఒకసారి వాసన చూస్తే, ఆ సీసా కొనదగినదో కాదో తెలిసిపోతుంది.