పిండికట్టు వేశాక మొదలయ్యే పని

బొగ్గుబావిలో విరిగిన ఎముకను సరిచేసి నిలబెట్టడం శస్త్రవైద్యుడి పనే అయినా, ఆ కాలితో కార్మికుడు మళ్లీ నడవగలడా, మళ్లీ బావిలోకి దిగగలడా అన్నది చాలావరకు ఆ తరువాతి గంటల్లోనూ వారాల్లోనూ వార్డులో జరిగే సేవ మీదనే ఆధారపడి ఉంటుంది. ఎముకలు, కీళ్లు, కండరాలు, వెన్నెముక దెబ్బతిన్న రోగులను చూసుకునే ఈ ప్రత్యేక శాఖను ఆర్థోపెడిక్ నర్సింగ్ అంటారు. మంచిర్యాల జిల్లాలో మందమర్రి పక్కనున్న రామకృష్ణాపూర్ వంటి సింగరేణి బొగ్గుగనుల పట్టణంలో దీని అవసరం మిగతా ఊళ్లకంటే స్పష్టంగా కనిపిస్తుంది. భూగర్భ గనుల్లో పైకప్పు బండ కూలడం, పక్కగోడ విరిగిపడడం, టబ్బుల మధ్య కాలు నలగడం వల్ల ఎముకలు విరుగుతాయి. ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు నడిపే ఆపరేటర్లకు ఏళ్ల తరబడి తగిలే అదురు నడుమునొప్పిగా మారుతుంది. రిటైరైన కార్మికుల ఇళ్లలో వృద్ధులు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. 1952 నాటి గనుల చట్టం ఏ ఎముక విరిగినా, అది వేలి ఎముకే అయినా, తీవ్రమైన గాయాల కిందనే లెక్కగట్టింది.

ఈ శాఖకు మూలపురుషుడి కంటే మూలస్త్రీ ఉందనడం సబబు. ఇంగ్లండ్‌కు చెందిన ఆగ్నెస్ హంట్ చిన్నతనంలోనే తుంటి కీలు దెబ్బతిని జీవితాంతం కుంటుతూ నడిచిన నర్సు. ఆమె 1900లో బాస్‌చర్చ్ అనే పల్లెలో, ఎముకల జబ్బులతో బాధపడే పిల్లల కోసం ఒక ఆశ్రయం తెరిచింది. ఆమెకు తోడు నిలిచిన లివర్‌పూల్ వైద్యుడు రాబర్ట్ జోన్స్ అంతకుముందే, 1887లో మొదలైన మాంచెస్టర్ ఓడల కాలువ తవ్వకంలో, వేలాది కూలీల గాయాలకు బాధ్యత వహించాడు. కాలువ పొడవునా ప్రథమ చికిత్స కేంద్రాలను, వాటి వెనుక ఆస్పత్రులను ఏర్పాటు చేసి, దెబ్బ తగిలిన చోటు నుంచి మంచం దాకా ఒకే వరుసలో నడిచే పద్ధతి నెలకొల్పాడు. బావి దగ్గరి ప్రథమ చికిత్స, కాలనీ డిస్పెన్సరీ, ఏరియా ఆస్పత్రి, కొత్తగూడెం ప్రధాన ఆస్పత్రి, అక్కడా కుదరకపోతే హైదరాబాద్‌కు రెఫర్ అనే సింగరేణి అంచెలు కూడా ఆ ఆలోచనకు దగ్గరి చుట్టాలే. ఆ హైదరాబాద్‌లోని నిమ్స్ సైతం మొదట నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా పుట్టినదే కనుక పాతతరం వారికి అది నేటికీ ఎముకల ఆస్పత్రే.

పిండికట్టును 1852లో మాథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు వాడుకలోకి తెచ్చాడు. జిప్సం పొడి పట్టించిన గుడ్డను నీటిలో ముంచి చుడితే అది వేడెక్కుతూ గట్టిపడుతుంది, కానీ లోపలి తడి పూర్తిగా ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ లోగా కట్టును ఎత్తవలసి వస్తే వేళ్లతో పట్టకుండా అరచేతులతోనే ఎత్తాలని నర్సులకు మొదటి పాఠంగా నేర్పుతారు. వేలి ఒత్తిడికి పడిన చిన్న గుంట గట్టిపడి లోపలి చర్మాన్ని రోజుల తరబడి నొక్కి పుండు చేస్తుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. మోకాలి కింద కండరాలు సాగని పొరలతో చేసిన గదుల్లో ఇరుకుగా అమరి ఉంటాయి. ఎముక విరిగి లోపల రక్తం చేరినా, కండరం వాచినా ఆ గదిలో ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అనే ఈ స్థితిలో కొన్ని గంటలు గడిస్తే కండరం చచ్చిపోతుంది, తరువాత ఏ చికిత్సా దాన్ని తిరిగి తేలేదు. అందుకే కట్టు వేసిన తొలి రోజు నర్సు గంటగంటకూ మంచం దగ్గరకు వచ్చి రోగి కాలివేళ్లను పరీక్షిస్తుంది: గోరును నొక్కి వదిలి రెండు సెకన్లలో ఎరుపు తిరిగి వస్తోందా చూస్తుంది, బొటనవేలికీ పక్క వేలికీ నడుమ తాకి స్పర్శ తెలుస్తోందా అని అడుగుతుంది, బొటనవేలిని పైకి లేపమంటుంది, చివరికి తానే దాన్ని మెల్లగా వంచి చూస్తుంది. అలా వంచినప్పుడు మోకాలి కింద ప్రాణం పోయేంత నొప్పి వస్తే, ఇచ్చిన మందుకు లొంగకుండా నొప్పి అంతకంతకూ పెరుగుతుంటే, నాడి బాగానే కొట్టుకుంటోందని ఊరుకోకూడదు. నాడి ఆగిపోయేసరికి సమయం మించిపోయి ఉంటుంది. అప్పుడు కట్టును చర్మం కనిపించేదాకా చీల్చాలి, కాలిని గుండె ఎత్తులోనే ఉంచాలి, వైద్యుణ్ని నిద్రలేపైనా పిలవాలి. వాచిన కాలిని దిండ్ల మీద పైకెత్తడం మామూలు రోజుల్లో మంచిదే గాని ఈ స్థితిలో అది ఉన్న కాస్త రక్తప్రసారాన్నీ తగ్గిస్తుంది. నొప్పి ఓర్చుకోవడమే మగతనమనుకునే గని కార్మికుల మధ్య, గట్టిగా మూలిగే రోగిని వేళాకోళం చేయని సిస్టర్ ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

పుత్తూరు కట్టు పేరు ఎరగని తెలుగు కుటుంబం తక్కువ. చిత్తూరు ప్రాంతంలో తరాలుగా సాగుతున్న ఆ విద్యలో వెదురుబద్దలు, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన వాడతారు, సాదా విరుగుళ్లు చాలా అతుకుతాయి కూడా. ఊరూరా దానిని అనుకరించే కట్లతో వచ్చే చిక్కు బద్దల్లో లేదు. బిగించి కట్టి ఇంటికి పంపాక వేళ్లు నల్లబడుతున్నాయేమో చూసే మనిషి పక్కన లేకపోవడంలో ఉంది.

బండ కింద గంటల తరబడి నలిగిన మనిషి విషయం వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు, శిథిలాల నుంచి బాగానే బయటపడ్డ వారు కొద్ది రోజులకే మూత్రపిండాలు చెడి చనిపోవడం గమనించిన బైవాటర్స్ అనే వైద్యుడు 1941లో ఆ లక్షణాలను వివరించాడు. నలిగిన కండరం నుంచి పొటాషియం, మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి వచ్చి మొదటిది గుండెనూ రెండోది మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. అందువల్ల వీలైతే బరువు తొలగించక ముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలంటారు. వార్డులో నర్సు మూత్రపు సంచిని గంటగంటకూ కొలిచి రాయడం వెనుక కారణం ఇదే. అందులో టీ డికాక్షన్ రంగు కనిపించిందంటే అది కాలి సమస్య దాటి ప్రాణం మీదికి వచ్చినట్టు.

పాతతరం కార్మికుల జ్ఞాపకాల్లో ఎముకల వార్డు అంటే కాలికి బరువులు వేలాడదీసిన మంచాలు. తొడ ఎముక విరిగితే చుట్టూ ఉన్న బలమైన కండరాలు విరిగిన ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగుతాయి కనుక ఆ లాగుడును ఎదుర్కోవడానికి ట్రాక్షన్ కావలసి వచ్చేది. మూడు నెలలు మంచం మీదే గడిచేవి. జర్మన్ వైద్యుడు క్యున్‌చర్ 1939 ప్రాంతంలో ఎముక గుజ్జు గొట్టంలోకి లోహపు కడ్డీ దించే పద్ధతి కనిపెట్టాక, అది మెల్లగా అన్ని దేశాలకూ పాకి, నేడు జనం 'రాడ్ వేశారు' అనే చికిత్సగా స్థిరపడింది. అయినా తుంటి విరిగిన వృద్ధులకు ఆపరేషన్ దాకా కాలికి బరువు కట్టడం అలవాటుగా చాలా కాలం సాగింది. నొప్పి తగ్గుతుందని, ఆపరేషన్ సులువవుతుందని అందరూ నమ్మారు. ఈ అలవాటుపై జరిగిన ప్రయోగాల ఫలితాలన్నిటినీ కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్షలో అలాంటి లాభమేదీ తేలలేదు. ఆర్థోపెడిక్ నర్సింగ్ పరిశోధన సాధించిన దానిలో కొత్త పరికరాల కంటే ఇలా మానిపించిన అలవాట్లే ఎక్కువ విలువైనవని చెప్పవచ్చు.

మరో అలవాటు వీపుకు స్పిరిట్ రాసి రుద్ది పౌడర్ చల్లడం. వెన్నుపూస విరిగి కాళ్లు చచ్చుబడిన రోగి కదలలేడు, నొప్పీ తెలియదు. ఎముక పొడుచుకువచ్చే చోట్ల, ముఖ్యంగా పిరుదుల పైభాగాన, మడమల దగ్గర, చర్మం నలిగి పుండు పడుతుంది. ఇంగ్లండ్‌లో డోరీన్ నార్టన్ 1962లో, అమెరికాలో బ్రేడెన్, బెర్గ్‌స్ట్రామ్ 1987లో, ఏ రోగికి పుండు పడే అవకాశం ఎక్కువో ముందే అంచనా వేసే మార్కుల పద్ధతులు తయారుచేశారు, వీరంతా నర్సులే. ఒత్తిడికి కందిన చోట రుద్దితే లోపలి కణజాలం ఇంకా చెడుతుందని నేటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. రుద్దడానికి బదులు చేయవలసినది రోగిని వేళకు ఒత్తిగిలించడం, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం. వెన్ను ఇంకా కుదురుకోని వాడిని ఒత్తిగిలించాలంటే నలుగురు కావాలి; తల పట్టుకున్న మనిషి మాట చెప్పగానే మెడ, నడుము, కాళ్లు ఒకే దుంగలా ఒక్కసారి కదలాలి. రాత్రి డ్యూటీలో ఆ నలుగురు ఎక్కడి నుంచి వస్తారన్నది పుస్తకాలు చెప్పని ప్రశ్న, ఆచరణలో మాత్రం అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

తుంటి విరుగుళ్ల విషయంలో తొందర ఎంత ఉండాలో తేల్చడానికి 17 దేశాల్లో 2,970 మందిపై జరిగిన హిప్ అటాక్ అధ్యయనం 2020లో వెలువడింది. రోగ నిర్ధారణ జరిగిన ఆరు గంటల్లో ఆపరేషన్ చేయాలన్న లక్ష్యం వల్ల మరణాలు తగ్గలేదు గాని, ఆపరేషన్ తరువాతి మతిభ్రమ, మూత్రకోశపు ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి, రోగులు త్వరగా లేచి నిలబడ్డారు. ఆపరేషన్ అయిన మర్నాడే రోగిని మంచం దింపాలన్న నియమం 'కదలకు, కుట్లు ఊడతాయి' అనే బంధువులకు క్రూరంగా తోస్తుంది. పడుకునే కొద్దీ పిక్కల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం పెరుగుతుందని వారికి ఓపికగా చెప్పవలసింది మళ్లీ నర్సే. మేక కాళ్ల సూపు తెచ్చే కుటుంబాన్ని వారించనక్కర్లేదు, అందులో కాల్షియం అనుకున్నంత ఉండదని చెబుతూ పాలు, గుడ్లు, పప్పు కూడా పెట్టమంటే చాలు. గట్టిగా వారించవలసింది పొగాకును. భూగర్భంలో బీడీ కాల్చడం నిషిద్ధం కనుక నమిలే పొగాకుకు అలవాటుపడ్డవారు తమకు పొగ హాని లేదనుకుంటారు, కానీ నికోటిన్ ఏ దారిన ఒంట్లోకి చేరినా రక్తనాళాలను ఇరుకు చేస్తుంది.

కొన్ని ప్రశ్నలకు పరిశోధన ఇంకా జవాబివ్వలేదు. చర్మాన్ని చీల్చుకుని వచ్చిన విరుగుళ్లకు బయటినుంచి కడ్డీల చట్రం బిగించినప్పుడు, ఆ కడ్డీ చర్మంలోకి దిగే చోటును ఏ ద్రావణంతో, ఎన్నాళ్లకోసారి శుభ్రం చేస్తే చీము పట్టదో కాక్రేన్ సమీక్షకులు తేల్చలేకపోయారు. కాబట్టి ఒక ఆస్పత్రిలో సెలైన్, మరోచోట క్లోర్‌హెక్సిడిన్, ఇంకోచోట పెచ్చు కదపకుండా వదిలేయడం నడుస్తున్నాయి. రోగి ఇంటికి వెళ్లాక భార్య ఏది చేయగలదో అదే నేర్పే నర్సు తెలివైనది.

ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్పినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. మళ్లీ బావిలోకి దిగే కార్మికుడు వాలుగా దిగే దారిలో తడి నేల మీద మైలు నడవాలి, వంగి టింబర్ మోయాలి, అవసరమైతే పరుగెత్తి తప్పుకోవాలి. చీలమండ పది డిగ్రీలు తక్కువ వంగినా ఇంట్లో తెలియని లోటు బావిలో తెలుస్తుంది. గనిలో చేసిన ఉద్యోగం కారణంగానే పాత పనికి పనికిరాకుండా పోయిన వారికి ప్రత్యామ్నాయ ఉద్యోగం చూపాలని 1952 నాటి గనుల చట్టంలోని 9ఏ సెక్షన్ చెప్పింది. సర్ఫేస్ జాబా, మెడికల్ అన్‌ఫిట్టా, మళ్లీ భూగర్భమా అని మెడికల్ బోర్డు తేల్చే వేళకు దాని ముందుండే కాగితాల్లో, మొదటి రాత్రి బొటనవేలు ఎన్ని గంటల దాకా కదిలిందో, ఎప్పుడు కదలడం ఆగిందో సిస్టర్ రాసిన వరుస కూడా ఉంటుంది.