సముద్రం పక్క చెరువులో గాలం: అపోహలు – వాస్తవాలు

నాగాయలంక వైపో, మొగల్తూరు వైపో సెలవురోజున చేపలకని బయల్దేరేవాళ్ళు ముందు అడిగేది ఏ కర్ర కొనాలి, ఏ ఎర పెట్టాలి అని. తీరంలో ఉండే చిన్న చెరువు విషయంలో ఇవి చివర అడగాల్సిన ప్రశ్నలు. అందులోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, చెరువు ఎవరి చేతిలో ఉంది, ఈ రెండూ ముందు తేల్చుకోవాలి. ఇక్కడ వినిపించే అపోహలన్నీ దాదాపు ఈ రెండు సంగతులు పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

“పోటు వేళ వెళ్తేనే పడతాయి”

చుట్టూ గట్టు మూసి ఉంటే, సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఆ చెరువుకు పోటూ లేదు, పాటూ లేదు. తూము గుండా ఉప్పుకాలువతో కలిసి ఉంటేనే ఈ లెక్క పనికొస్తుంది. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు ఎక్కువ ఎక్కుతుంది. అయితే మొగ దగ్గర పోటు వచ్చిన వేళకే చెరువు తూము దగ్గరకు నీరు చేరదు, వంకర కాలువలో నడిచి రావడానికి దానికి సమయం పడుతుంది. అందుకే పట్టికను నమ్ముకుని కూర్చోకుండా తూము గోడను చూడాలి. నీటిమట్టానికి జానెడు పైన గోడ ఇంకా తడిగా ఉందంటే నీరు తీస్తున్నట్టు.

“తెల్లారుజామున చేపలు నోళ్ళు తెరుస్తున్నాయంటే ఆకలి మీద ఉన్నట్టే”

అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ ఇది. చీకటి విడీవిడకముందు టార్చి వేసి చూస్తే శీలావతులు, బొచ్చెలు మూతులు నీటిపైకి పెట్టి వరసగా గుటకలు వేస్తుంటాయి. కొత్తవాళ్ళకు పండగలా అనిపిస్తుంది. నిజానికి వాటికి ఊపిరాడటం లేదు. పగలు ఎండకు నీటిలోని పచ్చనాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. పైగా నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి ఉన్న వాయువును వాడేసుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు అది అతి తక్కువగా ఉంటుంది. వేడెక్కిన నీరూ, ఉప్పు నీరూ దాన్ని అసలే తక్కువగా పట్టి ఉంచుతాయి. ముందురోజు మబ్బుపడితే పరిస్థితి ఇంకా కష్టం. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో రాత్రంతా ఏరేటర్లు తిరిగేది ఇందుకే. ఆ స్థితిలో ఉన్న చేప ఎరను ముట్టదు. ముట్టినా దాన్ని అప్పుడు లాగడం నాకు వేటనిపించదు. ఎండెక్కి నీరు తేరుకున్నాక, ఎనిమిది తొమ్మిది గంటలకు గాలం వేయండి.

కొర్రమీను సంగతి వేరు. అది గాలి పీల్చే చేప. ఒక్కసారి పైకొచ్చి గుటక వేసి వెంటనే దిగిపోతుంది. అలా ఒకచోట నీరు కదిలి మాయమైతే దాన్ని ఆపద అనుకోనక్కర్లేదు.

పెద్ద వాన తర్వాత మరో తిరకాసు ఉంటుంది. వాననీరు తేలిక కాబట్టి పైన నిలుస్తుంది, ఉప్పునీరు అడుగున పొరలా ఉండిపోతుంది. ఆ అడుగుపొరలో ఊపిరి కరువవుతుంది. సీసం గుండు కట్టి ఎరను అడుక్కి దింపి గంటలు కూర్చునేకంటే, బెండును కిందికి జరిపి ఎరను పైపొరలో వేలాడదీయడం మేలు.

“చిన్న గుంటే కదా, ఎవరేమంటారు?”

పంచాయతీ చెరువైతే ఏడాదికో, కొన్నేళ్ళకో పాట పాడుకున్నవాళ్ళుంటారు. మత్స్యకార సంఘానిదైతే ఎన్నో కుటుంబాల కూడు అది. మిగిలినవి చాలావరకు రొయ్యల చెరువులు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, అడక్కపోతే అది దొంగతనమే. కోరింగ, కొల్లేరు, పులికాట్ అభయారణ్యాల పరిధిలోనైతే అటవీశాఖను అడక్కుండా గాలం తీయకూడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం చెరువులకూ ఉందనుకునేవాళ్ళున్నారు. అది సముద్రంలో తిరిగే మరపడవలకు, మోటారు పడవలకు పెట్టింది.

“బజారు రొయ్య ఎరగా పెడితే ఏమవుతుంది?”

మీకు ఏమీ కాదు. పక్క చెరువులో వనామీ పెంచే రైతు మాత్రం మునిగిపోవచ్చు. వైట్ స్పాట్ వైరస్ మనుషులకు హాని చేయదు. రొయ్యలకు సోకితే కొద్ది రోజుల్లోనే చెరువంతా ఖాళీ అవుతుంది. పచ్చి రొయ్య, పీత, మరో చెరువులో తడిసిన వల, అన్నీ దాన్ని మోసుకురాగలవు. ఆ రైతులు గట్టు చుట్టూ పీతలు ఎక్కకుండా వల కంచె కట్టుకునేది ఈ భయంతోనే. వానపామో, తవుడూ గోధుమపిండీ కలిపిన ముద్దో తీసుకెళ్ళండి. మిగిలిన ఎరను నీళ్ళలో పారబోయకండి.

“సముద్రం పక్కనే ఉంది, చేపకేం కొదవ?”

పండుగప్పనే చూడండి. చెరువులో, కాలువలో ఎంత పెరిగినా గుడ్లు పెట్టడానికి దానికి మొగ దగ్గరి ఉప్పునీరు కావాలి. మూసిన చెరువులో అది సంతానం పెంచదు, కాబట్టి పట్టుకున్న ప్రతి చేపా ఆ చెరువుకు లోటే. పైగా అది మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడదిగా మారుతుంది. బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. కాలువతో కలిసిన చెరువులో అలాంటిది పడితే, తడిచేత్తో గాలం ఊడదీసి వదిలేయాలని నా గట్టి అభిప్రాయం. కూరకు మధ్యరకం చేప చాలు.

“జెల్ల ముల్లు గుచ్చుకుంటే పసుపద్దితే సరి”

జెల్లలకూ ఇంగిలాయిలకూ మొప్పల పక్క రెక్కల్లో గట్టి ముళ్ళుంటాయి. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది, మోచేతి దాకా సలుపుతుంది. ఆ విషం వేడికి చెడిపోతుంది. గాయాన్ని కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే బాధ తగ్గుతుంది. నీరు కాలేంత వేడిగా ఉందేమో ముందు రెండో చేత్తో చూసుకోవాలి, మొద్దుబారిన చేతికి వేడి తెలియదు. వేడినీటి కోసం సంచిలో ఫ్లాస్కు పెట్టుకోండి. ముల్లు ముక్క లోపల మిగిలినా, వాపు పెరుగుతున్నా, ధనుర్వాతం టీకా వేయించుకుని చాలాకాలమైనా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.